లేని దేశములకు పటములు గీచినవారు

దేశపటమనగా ఉన్న భూమిని కొలిచి కాగితముమీదికి దింపిన రూపమని మనము చిన్ననాడు బడిలో నేర్చుకొంటిమి. గోదావరి ఉన్నది గనుకనే పటములో నీలిగీత ఉన్నది. కొండ ఉన్నది గనుకనే దాని గుర్తు ఉన్నది. అయితే ఆంగ్ల సాహిత్యమున కొన్ని కథాగ్రంథములను తెరచినచో మొదటి పుటకు ముందే మడతపెట్టిన పటమొకటి కానవచ్చును. అందు పర్వతపంక్తులుండును, నదులుండును, బాటలు, కోటలు, రేవులు, అడుగున మైళ్లకు కొలమానము సైతము ఉండును. లేనిదొక్కటే: ఆ దేశము.

ఇట్టి పటములు ఎట్లు పుట్టినవి? వాటిని గీచిన చేతులు ఎవరివి? నవలాకారుల పేర్లు లోకమునకు తెలియును. వారు కోరగా, ఒక్కొక్కప్పుడు వారి చేతివ్రాత చిత్తుప్రతినే ఆధారముగా చేసికొని, లేని నదికి ఒడ్డు దిద్దినవారి పేర్లు అంతగా తెలియవు. మేము ఈ ప్రసంగమున చెప్పదలచినది ఆ రెండవ తెగవారి చరిత్రను.

మన పూర్వకవులకు మాటయే పటము. కిష్కింధాకాండమున సుగ్రీవుడు వానరసేనను సీతాన్వేషణమునకు పంపునపుడు తూర్పునకు వినతుని, దక్షిణమునకు అంగద హనుమదాదులను, పడమటికి సుషేణుని, ఉత్తరమునకు శతబలిని నియమించి, ఏ నదిని దాటవలెనో, ఏ కొండను వెదకవలెనో వరుసగా చెప్పెను. దక్షిణమార్గమున గోదావరియు, కృష్ణవేణియు, ఆంధ్రదేశమును పేర్కొనబడినవి. తిరిగివచ్చుటకు నెలదినములు గడువు. మేఘసందేశమున యక్షుడు రామగిరినుండి అలకాపురికి మేఘమునకు చెప్పిన త్రోవయు ఇట్టిదే. వినువాడు మైళ్లు లెక్కింపడు. పేరు వెంట పేరు వచ్చుచుండగా మనస్సు నడచిపోవును. గ్రంథము అచ్చుపడి చేతికి వచ్చిన పిమ్మట చదువరి వెనుకపుటను ముందుపుటతో సరిచూడగలడు. నిన్న మూడుదినముల దూరమన్న ఊరు నేడు ఒకదినమున ఎట్లు వచ్చెనని అడుగగలడు. కథలోని పటమునకు అవసరము అప్పుడే కలిగినది.

ఐరోపాలో ఈ విద్య పాతదే. సర్ థామస్ మోర్ రచించిన 'యుటోపియా' 1516లో లూవేన్ నగరమున వెలువడినపుడే అందు ఆ కల్పితద్వీపపు చెక్కడపు బొమ్మ ఉండెను. రెండేండ్లకు, 1518లో, బాసెల్ నగరమున ఫ్రోబెన్ ముద్రించిన ప్రతికి ఆంబ్రోసియస్ హోల్బైన్ అను చిత్రకారుడు కొత్తబొమ్మను సిద్ధపరచెను. ఇతడు ప్రసిద్ధుడైన హాన్స్ హోల్బైన్ సోదరుడు. ద్వీపము, దానిముందు ఓడ, బురుజులు కల పట్టణములు అందున్నవి. అది కొలతకు నిలుచు పటము కాదు. కంటికి ఇంపైన చిత్రము.

రెండువందల ఏండ్ల పిదప జోనాథన్ స్విఫ్ట్ వేరొక దారి త్రొక్కెను. 1726లో ప్రకటితమైన గలివర్ యాత్రలలోని పటములు ఆనాటి అసలు పటములనుండి తీసికొన్నవి. లండనులో ప్రఖ్యాతుడైన హెర్మన్ మోల్ అను పటకారుని ప్రపంచపటమే వాటికి మూలము. నిజమైన సుమత్రాద్వీపమునకు నైరుతిదిక్కున లిలిపుట్టు కానవచ్చును. ఉత్తరామెరికా పడమటితీరమునకు అంటుకొని బ్రాబ్డింగ్‌నాగు కానవచ్చును. మోల్ తన మిత్రుడని కథలోని గలివరు చెప్పుకొనును. ఇది హాస్యమే; కాని అందొక సూక్ష్మము కలదు. పటమును చూచినవాడు దానిని నమ్మును. అబద్ధమును నమ్మింపగోరువాడు దానిప్రక్కన రెండు నిజములను నిలిపిన చాలును.

పటమునుండియే నవల పుట్టుటకు ప్రసిద్ధోదాహరణము రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రచించిన 'ట్రెజర్ ఐలెండ్'. 1881వ సంవత్సరపు వేసవిలో స్కాట్లండులోని బ్రేమర్ గ్రామమున ఆయన తన సవతికుమారుని వినోదమునకై ఒక ద్వీపపు పటమును గీచి రంగులు వేసెను. ఆ రేవులను, కొండలను చూచుచుండగా ఆయనకు అందు తిరుగు మనుష్యులు కానవచ్చిరి. అధ్యాయముల జాబితా సిద్ధమయ్యెను. కథ ఆ యేడు అక్టోబరునుండి ఒక బాలలపత్రికలో వెలువడి, 1883లో పుస్తకమైనది. అయితే పుస్తకముగా వచ్చుటకు ముందు ఒక అనర్థము జరిగెను. ప్రకాశకులకు పంపిన ఆ మొదటిపటము చేరలేదు. అది ఎక్కడనో పోయినది.

పటమును ముందు గీచి దానికి తగిన కథ అల్లుట సులభము. అచ్చుకు సిద్ధమైన కథను ముందు పెట్టుకొని, అందలి ప్రతిమాటను ఏరి, ఒకదానితో ఒకటి పొసగునట్లు కంపాసుతో పటము కల్పించుట కష్టము. స్టీవెన్సన్ తరువాత వ్రాసిన వ్యాసమున ఈ భేదమును ఎంతో బాధతో చెప్పెను. ఆ రెండవపటము ఆయన తండ్రి కార్యాలయమున తయారైనది. తండ్రి థామస్ స్టీవెన్సన్ దీపస్తంభములు కట్టించు ఇంజనీరు. ఓడలు, తిమింగలములు పటమునకు అలంకారములైనవి. ఫ్లింటు అను దొంగనావికుని సంతకమును ఆ పెద్దమనిషియే తన చేతితో కల్పించి పెట్టెను. పటము చక్కగానే వచ్చినది. అయినను అది తనకు ఎన్నడును ఆ పాతద్వీపము కాలేదని కుమారుడు చెప్పుకొనెను. కల్పితదేశమునకు పటము గీచువానికి ఎదురగు కష్టమంతయు ఈ చిన్న వృత్తాంతముననే కలదు. రచయిత మనస్సులో నొక దేశముండును, అతడు వ్రాసిన పుటలలో నొక దేశముండును; ఈ రెండింటికిని ఒకేపటము చాలవలెను.

ఇరువదవ శతాబ్దికి వత్తము. ఈ కాలపు కల్పితపటములను పరిశీలించినపుడు మాకొక విషయము స్ఫుటముగా తోచినది. వాటిని గీచిన ముఖ్యులలో పలువురు యుద్ధముతో సంబంధము కలవారు.

1926లో ఎ. ఎ. మిల్న్ రచించిన 'విన్నీ ది పూ' అను బాలలకథకు ఇ. హెచ్. షెపర్డ్ పటము గీచెను. ఎలుగుబంటిబొమ్మ, పందిపిల్ల, గుడ్లగూబ కాపురముండు ఆ అడవికి ససెక్సు మండలములోని ఆష్‌డౌన్ అరణ్యము ఆధారము. షెపర్డ్ మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిదళములో అధికారిగా ఉండి, శత్రుస్థానములు కానవచ్చునట్లు యుద్ధభూమి రేఖాచిత్రములను సైన్యమునకు గీచి ఇచ్చినవాడు. చెట్టు ఎక్కడ, గుట్ట ఎక్కడ అని ప్రాణములకు వెరచి గుర్తించిన ఆ కన్నే పది సంవత్సరములకు ఎలుగుబంటి ఇంటిని గుర్తించినది. ఆ పటము తాను గీచినట్టు బాలుడు చెప్పుకొనును. షెపర్డు సహాయము చేసెనని మాత్రమే దానిపై ఉండును. చిత్రకారుడు తనకు తానే సహాయకుని స్థానమిచ్చుకొని నవ్వించెను. ఆ మూలచిత్రము 2018లో లండనులో వేలమునకు వచ్చి 4,30,000 పౌనులకు అమ్ముడుపోయినది.

ఇక ఈ విద్యకు పరమావధి యనదగినది జె. ఆర్. ఆర్. టోల్కీన్ సృష్టించిన మధ్యభూమి. ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్ల భాషాచార్యుడు. 1916లో ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగమున సంకేతవిభాగపు అధికారిగా కందకముల పటములతో పనిచేసినవాడు. 1937 సెప్టెంబరులో వెలువడిన 'హాబిట్' అను కథకు పటములు ఆయనయే గీచెను. అందొకటి కథలోనివారు చేతపట్టుకొని నడచు నిధిపటము. దానిపై వెన్నెలలో మాత్రమే కానవచ్చు అక్షరములున్నవని కథ. ఆ అక్షరములను కాగితము వెనుకవైపున ముద్రింపవలెననియు, వెలుతురునకు ఎత్తి చూచినపుడే అవి కానరావలెననియు ఆయన కోరెను. ప్రకాశకులు పటమును అట్టలోపలి కాగితముపై ముద్రించిరి; అక్షరములు పటముతోపాటు పైకే కానవచ్చెను. రచయిత కోరికకును అచ్చుకూటపు ఖర్చునకును మధ్య రాజీ కుదురుట ఈ పటముల చరిత్రలో పదేపదే కానవచ్చు ఘట్టము.

తరువాతి గ్రంథము 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పెద్దది. దానికై టోల్కీన్ మొదట సిద్ధపరచుకొన్న పనిపటమున రెండు సెంటీమీటర్లకు నూరు మైళ్లు. కథ పెరిగినకొలది కాగితమునకు కాగితము అతికించెను. మారిన భాగముపై కొత్తముక్క అంటించెను. పటముతో ప్రారంభించి దానికి కథను సరిపెట్టుటయే మేలనియు, తిరుగవేసి చేసినవానికి చిక్కులు తప్పవనియు ఆయన 1954లో ఒక జాబున వ్రాసెను. దినములు, దూరములు, చంద్రకళలు సైతము పొసగునట్లు ఆయన చూచుకొనెను. ఒక దళము ఒకచోట పూర్ణచంద్రుని చూచినచో, వేరొకచోటనున్న మిత్రులు అదేరాత్రి నెలవంకను చూడరాదు గదా!

పనిపటము రచయితకు చాలును, ముద్రణకు చాలదు. ఇచట ఆయన మూడవకుమారుడు క్రిస్టఫర్ ప్రవేశించెను. 1924లో జన్మించిన ఈతడు తండ్రి కథలకు బాల్యమునుండి శ్రోత. 1943లో, పందొమ్మిదేండ్లయినను పూర్తిగా నిండకముందే, తండ్రి పటమును పెద్దకాగితముపై పెన్సిలుతోను రంగుసుద్దలతోను తిరిగి గీచెను. తరువాత వైమానికదళమున చేరి దక్షిణాఫ్రికాలో విమానము నడపుట నేర్చుచుండగా తండ్రి కథాభాగములను అతనికి పంపుచుండెను. యుద్ధానంతరము గ్రంథము అచ్చునకు వచ్చినపుడు పటములు గీచు భారము అతనిపైననే పడెను. మొదటి రెండు సంపుటములు 1954 జూలై, నవంబరు మాసములలో వెలువడినవి.

మూడవ సంపుటమునకు గోండోర్, మోర్డోర్ అను దేశముల విపులపటము కావలసివచ్చెను. కథాంతమున ఇద్దరు బాటసారులు కాలినడకన పోవు మార్గము అందు అడుగడుగున కానరావలెను. సాధారణపటమునకు ఇది అయిదురెట్లు పెద్దది. ఇందు కొండలను బొమ్మలుగా కాక సమోన్నత రేఖలతో చూపవలెను. 1955 ఏప్రిల్ నాటికి గడువు ముంచుకొనివచ్చెను. అధ్యాయములలో చెప్పిన దూరములు పటముపై పెట్టిచూడగా కొన్ని కలియలేదు. తండ్రి గళ్లకాగితముపై లెక్కలు వేసి, కొలతలు మార్చి, సర్దుబాటు చేయుటలో చివరి మూడుదినములు నిద్రాహారములు దాదాపుగా మానుకొనెను. పిమ్మట కుమారుడు ఉదయము ఆరుగంటలకు కూర్చుండి మరునాటి ఉదయము ఆరుగంటలవరకు పక్కమీదికి పోక శుద్ధప్రతిని గీచి ముగించెను. ఆ సంపుటము 1955 అక్టోబరులో వెలువడినది. పటముపై అతని పేరు లేదు. పొడి అక్షరములు మాత్రమే కలవు.

తొందరలో చేసినపనికి దోషములు తప్పవు. సాధారణపటముపై ఒక కనుమ పేరు కథలోని వర్ణక్రమమునకు భిన్నముగా పడెను. పాఠకులు వాటిని పట్టుకొనిరి. తండ్రి 1973లో మరణించిన పిదప, ఆయన వ్రాతప్రతులను ప్రకటించుచు క్రిస్టఫర్ 1980లో ఒక సంపుటమునకై ఆ పటమును తిరిగి గీచెను. మొదటిది త్వరలో గీచినదనియు, అందలి లోపములను దిద్దుటకే ఈ శ్రమ అనియు పీఠికలో చెప్పెను. ఇరువదియారేండ్ల తరువాత లేని కనుమకు పేరు సరిదిద్దుట లోకులకు చాదస్తముగా తోచవచ్చును. ఆ దేశమును నమ్మి నడచిన లక్షలమంది పాఠకులకు అది బాకీ తీర్చుటవంటిది. క్రిస్టఫర్ 2020 జనవరిలో తన తొంబదియైదవయేట ఫ్రాన్సులో కాలధర్మము నొందెను.

ఆ ఇంటివాడు కాక, పనికి పిలువబడి ఇదేదేశమునకు పటము గీచినవారిలో అగ్రగణ్యురాలు పాలీన్ బేన్స్. ఈమె 1922లో ఇంగ్లండున జన్మించినను తండ్రి ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి యగుటచే శైశవము ఆగ్రాలోను ముస్సోరీలోను గడచెను. అయిదేండ్ల ప్రాయమున స్వదేశమునకు పోయెను. రెండవ ప్రపంచయుద్ధమున మొదట సైన్యమునకు నమూనాలు తయారుచేయుచోట పనిచేసి, 1942 మొదలు 1945 వరకు బాత్ నగరమున నౌకాదళపు సముద్రపటముల శాఖలో పటములు గీచెను. ఓడల ప్రాణములు ఆధారపడు ఆ గీతలు ఆమె చేతికి శిక్ష నిచ్చినవి. 1949లో టోల్కీన్ చిన్నకథయొకదానికి బొమ్మలు వేయగా అవి ఆయనకు మిక్కిలి నచ్చెను. ఆయన మిత్రుడు సి. ఎస్. లూయీస్ తన నార్నియా కథలు ఏడింటికిని ఆమెచేతనే బొమ్మలు వేయించెను. అవి 1950 మొదలు 1956 వరకు ఏడాదికొకటిగా వెలువడినవి.

లూయీస్ తన చేతితో గీచిన చిత్తుపటమును ఆమెకు పంపి, 1951లో ఒక జాబున తన కోరిక తెలియజేసెను. సర్కారు సర్వేపటమువలె కాక మధ్యయుగపు పటమువలె ఉండవలెనట; కొండలు, కోటలు బొమ్మలుగా ఉండవలెను; మూలల గాలిదేవతలు ఊదుచుండవలెను; సముద్రమున ఓడలు, తిమింగలములు తేలవలెను. మిత్రులైన ఈ రచయితలిరువురకును ఉన్న భేదము ఈ కోరికలో తేటపడును. టోల్కీన్ మైళ్లు లెక్కించెను; లూయీస్ ముచ్చట కోరెను. సర్కారు కొలువులో ఒక్క గీత తప్పినను ఒప్పని పనిచేసిన ఆమె, ఇప్పుడు ఆ శిక్షను దాచిపెట్టి గాలిదేవతలను గీయవలసివచ్చెను. ఆ పటములు నేటికిని పిల్లల మనస్సులలో నార్నియాకు రూపమైయున్నవి. ఆమెకు ముట్టినది ఒక్కొక్క పుస్తకమునకు నూరు పౌనులు, ఒకేసారి. ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినను ఆమెకు దానిపై వాటా లేదు.

1969లో టోల్కీన్ ప్రకాశకులు మధ్యభూమి పటమును గోడకు వ్రేలాడదీయునట్లు పెద్దదిగా గీయుమని ఆమెను కోరిరి. ఆమె హాంప్‌షైరులోని బోర్డన్ సైనికశిబిరపు పటకారుల సాయమును గూడ తీసికొనెను. పనిలో ఉపయోగించుటకై గ్రంథమునుండి విడదీసిన క్రిస్టఫర్ పటము ఆమెయొద్ద ఉండెను. దానిపై టోల్కీన్ ఆకుపచ్చసిరాతోను పెన్సిలుతోను గుర్తులు వ్రాసి ఇచ్చెను. హాబిట్ల ఊరు ఆక్స్‌ఫర్డు అక్షాంశమున ఉన్నదట. మినాస్ తిరిత్ నగరము ఇటలీలోని రావెన్నా అక్షాంశమునకు సమీపమట. పటము అడుగుభాగము జెరూసలేము అక్షాంశమునకు చేరునట. దక్షిణదేశమున ఏనుగులు, ఒంటెలు తగునని గూడ సూచించెను. ఏ నౌక ఏ రంగులో ఉండవలెనో, ఏ చెట్టు ఎక్కడ మొలచునో చిత్రకారిణి అడుగవలసివచ్చును. అడిగినప్పుడు రచయిత అంతవరకు ఆలోచింపని విషయమును నిశ్చయింపవలసివచ్చును. పటమును గీయువారు రచయిత మాటను అనుసరించుటయే కాక, అతనిచేత కొత్తమాట పలికింతురనుటకు ఈ కాగితమే సాక్ష్యము. అది ఆమె పుస్తకములో చాలకాలము మరుగుపడి, 2015లో ఆక్స్‌ఫర్డులో ఒక పాతపుస్తకముల వర్తకునిచే 60,000 పౌనుల వెలతో ప్రదర్శింపబడెను. 2016లో బోడ్లియన్ గ్రంథాలయమువారు దానిని కొని భద్రపరచిరి. పాలీన్ బేన్స్ 2008లోనే కన్నుమూసెను.

మన దేశమున దీనికి ప్రతిబింబమువంటి ఉదాహరణము ఆర్. కె. నారాయణ్ గారి మాల్గుడి. అచట సరయూ నది కలదు, మెంపీ కొండలు కలవు, రైలుస్టేషను కలదు. నారాయణ్ గారు పటము ముందుంచుకొని కథలు వ్రాయలేదు. ఆయన కథలన్నియు చదివి ఆ ఊరికి పటము కూర్చినవాడు ఫెన్నెల్లీ అను అమెరికా పండితుడు. ఇక్కడ కోరినది రచయిత కాదు, పాఠకుని ప్రేమ.

ఇంతవరకు చెప్పినదానినుండి తేలునది ఏమి? కల్పన గాలిలో నిలువదు. దానికి నేల కావలెను. ఆ నేలను కొలిచి ఇచ్చినవాడు రచయితకు లొంగియుండవలెను. అతని తప్పును పట్టుకొనవలెను. పట్టుకొని, తన పేరు చెప్పుకొనక దిద్దవలెను. ఓడకు దారి చూపుటకు నేర్చిన విద్యతో ఒకామె పిల్లల కలలకు దారి చూపినది. ఫిరంగులకు గురి చూపిన కన్ను ఎలుగుబంటిబొమ్మకు ఇల్లు చూపినది. యుద్ధము నేర్పిన విద్య శాంతికాలమున ఇంతటి నిరపాయమైన పనికి వచ్చుట ఒక విధముగా ఆ విద్యకే పరిహారము.

వారికి దక్కిన ప్రతిఫలము తక్కువ. తరువాతి కాలమున ఆ కాగితములకు పలికిన వేలు, లక్షల పౌనులు గీచినవారి బల్లమీదికి రాలేదు. ఆ లెక్కను ఇప్పుడు సరిచేయలేము. చదువరి చేయగలిగినది ఒకటున్నది. అట్టి గ్రంథము చేతికి వచ్చినపుడు కథలోనికి పరుగెత్తుటకు ముందు మడతపటమును నెమ్మదిగా విప్పి, నదుల పేర్లు చదివిన పిమ్మట, దాని మూలనున్న ఆ పొడి అక్షరములను గూడ చదువవలెను.